తొమ్మిదో కొక్కెం

1. విచారణకు ఇంకా పన్నెండు రోజులు

ముందుగా, నెల కిందటి ఆ ఉదయం రాసి పెట్టాలి. మామూలు ఉదయమే.

నాలుగున్నరకు లేచాను. మా ఇళ్ళన్నీ ఉన్న తెప్ప కొద్దిగా ఎడమకు ఒరిగి ఉంది. అంటే రాత్రి అల పెద్దది. మోకరించి ప్రార్థన చేసుకున్నాను. పొగమంచు పట్టడానికి బయట కట్టిన వలను బిందెలోకి వంచితే సగం బిందె నీళ్ళు వచ్చాయి. వల కొసన నిలిచిన చుక్కల్ని కూడా వేలితో రాల్చాను. పొయ్యి మీద గంజి పెట్టాను. చెల్లెలు సువార్త లేచి నా దువ్వెన తీసుకుంది. తన దువ్వెన తనకు ఎప్పుడూ కనపడదు. జుట్టు ముందుకు వేసుకుని దువ్వేటప్పుడు మెడలోని ఇత్తడి బిళ్ళ అడ్డం పడుతుందని దాన్ని పళ్ళతో పట్టుకుంటుంది. పళ్ళ మధ్య బిళ్ళతోనే మాట్లాడుతుంది.

"అక్కా, గంజిలో ఉప్పెక్కువేశావ్."

"ఇంకా తాగందే?"

"వాసనకే తెలుస్తంది."

పక్క మీద నుంచి దాని కూతురు హెప్సిబా నవ్వింది. ఆ పిల్లకు ఇరవయ్యారు. సముద్రపు నాచు తాళ్ళ మీద పని. తల్లి లేచిన గంటకు గాని లేవదు.

సువార్త గీకుడు కత్తిని గడప ఇనుము మీద నూరుకుంది. ఒక్కో వైపూ ఇరవై సార్లు. గంజి నిలబడే తాగింది. "తొట్లో పీతలు పట్టి ఉన్నయ్యి, సాయంత్రం తెస్తా, పులుసు పెట్టు. ఉప్పు నేనేస్తా" అని వెళ్ళిపోయింది. వెళ్తూ నా దువ్వెన కూడా కొప్పులో పెట్టుకుని వెళ్ళింది.

ఆరింటికి తొట్లోకి ఒక్కతే దిగింది. తొమ్మిదింబావుకు ఆ తొట్లోకి నీళ్ళు వదిలారు.

మా మూడో తెప్ప కింద ఇరవై నాలుగు ఇనుప తొట్లు ఉన్నాయి. అల పెద్దదైతే వాటిలోకి నీళ్ళు వదులుతారు. తెప్ప బరువెక్కి నిలకడగా ఉంటుంది. నీళ్ళు తోడేశాక ఆడవాళ్ళు దిగి గోడలకు పట్టిన గుల్లలు గీకుతారు. దిగే మనిషి తన బిళ్ళను తొట్టి మూతి దగ్గరున్న పలక మీద తన కొక్కేనికి తగిలించాలి. పైకొచ్చాక తనే తీసి మెడలో వేసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు. పలక మీద ఒక్క బిళ్ళ ఉన్నా నీళ్ళ చక్రం తిప్పకూడదు. పంతొమ్మిదేళ్ళు ఆ పలకను నేను కాశాను. ఒక్క ప్రాణం పోలేదు. గొప్పకు రాయడం లేదు. దేవుని కృప.

ఎనిమిది నెలల క్రితం అందరి చేతికీ కడియాలు వచ్చాయి. ఎవరు ఎక్కడున్నారో పంపు గదిలో తెర చూపిస్తుంది. పలక అక్కర్లేదన్నారు. నన్ను చేపలు ఎండబెట్టే చావడికి మార్చారు. అయినా ఆడవాళ్ళు బిళ్ళలు తగిలించడం మానలేదు.

ఆ రోజు తెర సున్నా చూపించిందని తెప్ప కార్యాలయం చెప్పింది. కడియం మాట ఇనుప గోడ దాటి రాలేదట. ప్రమాదమట. విచారణ పెడతారట. నోటీసులో చివరి వాక్యం ఇది: ఉద్వేగంతో ఇచ్చిన వాంగ్మూలం చెల్లదు, ఆరు నెమ్మది తరగతులు పూర్తిచేసి చీటీ పొందినవారినే లోపలికి రానిస్తారు.

పలక కాసిన రోజుల్లో రోజుకు ఒక పుట రాసేదాన్ని. ఎవరు దిగారు, ఎవరు వచ్చారు. చెయ్యికి ఆ అలవాటు పోలేదు. మళ్ళీ మొదలుపెట్టాను.

2. పది రోజులు

నెమ్మది తరగతి పాత బియ్యపు గోదాములో జరుగుతుంది. ఇరవై చాపలు. ప్రతి చాప ముందు ఏడు గిన్నెల రంగులు, ఒక నీళ్ళ పళ్ళెం, ఒక కాగితం. తెప్ప మీద రంగులూ కాగితాలూ ఇంకెక్కడా దొరకవు. నేను రాసేది పాత రిజిస్టరు పుటల వెనక.

కాగితం పేరు నెమ్మది పత్రం. జనం అద్దుడు కాగితం అంటారు. కణతలకు రెండు చల్లని పట్టీలు అంటిస్తారు. మనసును ఏది నొక్కుతోందో అది గియ్యాలి. గీస్తున్నకొద్దీ ఆ బరువు కాగితంలోకి ఇంకిపోతుంది. తర్వాత కాగితాన్ని పళ్ళెంలో కడిగేస్తారు. విషయం గుర్తుంటుంది. నొప్పి ఉండదు.

"ఊపిరి లోపలికి తీసుకోండి. వదలండి. నిన్న లేదు, రేపు లేదు. ఈ క్షణం మాత్రమే ఉంది" అంది ఉజ్వల టీచరు. ముప్పై ఏళ్ళుంటాయి. గొంతు మెత్తన.

పక్క చాప మీద సామ్రాజ్యం. నాతోపాటు చావడిలో పనిచేస్తుంది.

"మూడు కాగితాలూ మా అల్లుణ్ణే గీశానక్కా" అంది నా చెవిలో. "ముందైతే వాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు చూస్తంటే కోడిపుంజును చూసినట్టుంది."

"మంచిదేగా."

"మంచిదే. తిట్టబోతే మాట రాటంలా. అదొక్కటే లోటు."

నేను కుంచెను నీళ్ళలో ముంచి కాగితం మీద గీశాను. పలక మీదున్న నలభై కొక్కేలూ గీశాను. గీసినవి గీసినట్టే ఆరిపోయాయి.

టీచరు వచ్చి నిలబడింది. "మార్తమ్మగారూ, కుంచె రంగులో ముంచలేదు మీరు."

"తెలుసు తల్లీ."

"రంగు లేకపోతే కాగితం ఏమీ తీసుకోదండీ."

"తీసుకోకూడదనే."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పుస్తకంలో 'ఖాళీ' అని రాసుకుంది.

3. ఎనిమిది రోజులు

హెప్సిబాకు నిద్ర లేదు. పడుకుంటే మూత పడిన చప్పుడు వినిపిస్తుందట. నాలుగు కాగితాలు గీసింది. మొదట చీకటి. తర్వాత మూత. తర్వాత నీళ్ళ హోరు. నిన్న తల్లి చెప్పులు. ఇంటికొచ్చి ఆ చెప్పుల మీద నుంచి దాటుకుంటూ వెళ్ళింది. అంతకుముందు వాటిని ఒడిలో పెట్టుకుని కూర్చునేది.

ఈ ఉదయం వల వంచుతుంటే బిందె పట్టుకుంది.

"పెద్దమ్మా, ఇంకా రెండు కాగితాలు. ఆఖరుదాంట్లో అమ్మని గీస్తా."

నేను వల పిండాను.

"మాట్టాడవేంది?"

"వింటన్నానమ్మా."

"తప్పంటావా?"

"తప్పనను."

"మరి నువ్వెందుకు గియ్యవు? ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. మీ పెద్దమ్మ నీళ్ళతో గీస్తదంటగా అని నవ్వుతున్నారు."

"నవ్వనీ. పోయింది నా చెల్లెలు. దాని బరువు నా దగ్గరుంటే అది కొంచెం ఉన్నట్టు. అదెందుకు ఇచ్చెయ్యాలి?"

"నీకు మొయ్యటం అలవాటు. నీకు దేవుడున్నాడు. నాకు నిద్ర కూడా లేదు." బిందె కింద పెట్టేసింది. "నువ్వు ప్రార్థన చేసుకుని లేస్తావు. నేను రెప్ప వెయ్యకుండానే లేస్తున్నా."

కొబ్బరి నూనె తెచ్చి దాని తలకు రాశాను. కూర్చునే కునికింది, ఓ పావుగంట. కదలకుండా ఉన్నాను. గంజి అడుగంటింది.

4. ఆరు రోజులు

మా వాళ్ళలో మనిషి పోయిన నలభయ్యో రోజు సాయంత్రం ఆదరణ కూడిక పెడతాం. ఫొటో పెట్టి, కీర్తన పాడి, ఒక్కొక్కరూ లేచి పోయినవాళ్ళ గురించి ఒక మాట చెబుతాం. నిజమైన మాట చెప్పాలి. పొగడ్త చెప్పకూడదు. ఈసారి నలభయ్యో రోజు విచారణకు ముందురోజు పడింది. నలుగురికి మించి గుమికూడాలంటే టీచరు ఉండాలని కార్యాలయం షరతు. మేము నలుగురమే. నేను, హెప్సిబా, తమ్ముడు ఏలియా, మరదలు ఎస్తేరు.

ఫొటో లేదు. మనిషి పోతే కడియం మూసేస్తారు. అందులోని ఫొటోలు విచారణ అయ్యేదాకా ఇవ్వరు.

"నేను గీస్తానక్కా" అన్నాడు ఏలియా.

నేల మీద ఉన్న రోజుల్లో ఏలియా పడవలకు పేర్లు రాసేవాడు, చర్చి గోడల మీద బొమ్మలు వేసేవాడు. ఇక్కడ పంపు గదిలో పని. సువార్త పోయిన రోజు పంపు దగ్గర ఉన్నది వాడే. "తెర సున్నా చూపించింది" అని మాత్రం చెప్పాడు. ఆ తర్వాత నోరు తెరవలేదు. అన్నం కలిపి వదిలేస్తాడు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయి. ఎస్తేరే గ్లాసు పట్టి తాగిస్తోంది.

"రంగులెక్కడివిరా?"

"తరగతిలో ఉన్నాయిగా. నాది ఆరో కాగితం ఇయ్యాల. కడగొద్దని టీచరమ్మను అడిగి ఇంటికి తెస్తా. చిన్నక్క ముఖం నా కళ్ళలోనే ఉంది."

వెళ్ళమన్నాను. ఆ పొరపాటు నాది. మంచి బొమ్మ కావాలనుకున్నానే తప్ప, ఆ కాగితం ఏం చేస్తుందో ఆ క్షణం నాకు తట్టలేదు. వాడికీ తట్టలేదనుకుంటాను.

మధ్యాహ్నం, వాడి ఇంట్లో ఎదురుచూస్తున్న మా దగ్గరికి వచ్చాడు. కాగితాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. గోడకు ఆనించాడు.

సువార్తే. తల పక్కకు వంచి, జుట్టు ముందుకు వేసుకుని, బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. ఏదో అనబోతోంది. హెప్సిబా అక్కడే కూలబడింది. ఎస్తేరు కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏలియా తల వాల్చి చూశాడు. "ముక్కు దగ్గర నీలం కాస్త ఎక్కువైందంటావా?"

పడవ మీద పేరు రాశాక అడిగే గొంతు అది. తర్వాత రెండు కంచాల అన్నం తిన్నాడు. గ్లాసు తనే ఎత్తి తాగాడు. ఒక్క చుక్క తొణకలేదు.

5. ఐదు రోజులు

ఎస్తేరు పొద్దున్నే వచ్చింది.

"వదినా, మీ తమ్ముడు ఈలేస్తన్నాడు."

"వెయ్యనీ."

"వెయ్యనీ అంటే కాదు వదినా. ఐదు వారాలు పసిబిడ్డకు తాగించినట్టు తాగించా. మనిషి కోలుకుంటే చాలని దండం పెట్టుకున్నా. ఇప్పుడు కోలుకున్నాడు. నాకు భయమేస్తంది." గడప మీద కూర్చుని అంది, "గోడ మీద ఆమె బొమ్మ ఉందా, దాని పక్కన చొక్కా తగిలించాడు వదినా. సగం ముఖం మూసుకుపోయింది. చూసుకోలా."

గోదాముకు వెళ్ళాను. ఉజ్వల టీచరు గిన్నెలు కడుగుతోంది.

"మా తమ్ముడికి ఏం చేశావమ్మా?"

"నయం చేశామండీ." చేతులు తుడుచుకుంది. "నేనూ గీశాను. మా ఊరు మునిగినప్పుడు నాన్నగారు ఇంట్లోనే ఉండిపోయారు. రెండేళ్ళు నేను మనిషిని కాదు. ఒక్క కాగితం గీశాను. ఇదిగో, ఇలా ఉన్నాను."

"మీ నాన్నగారి పేరు?"

"వెంకటరత్నం."

"ఏం ఇష్టంగా తినేవారు?"

ఆమె గిన్నె వైపు చూసింది. "చెప్పగలను."

"చెప్పు."

"చెప్పగలనండీ. గుర్తుంది." తడిగుడ్డను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "చెప్పాలనిపించదు."

చెడ్డ పిల్ల కాదు. నొప్పి ఉన్నవాళ్ళకు నొప్పి తీస్తోంది. కానీ దారిలో నాకు ఒకటి అర్థమైంది. చీటీ ఉన్నవాళ్ళు ఇప్పటికి యాభై మంది. అందరికీ ఆ రోజు గుర్తుంది. అందరూ చెప్పగలరు. లేచి చెప్పాలనిపించేవాడు మాత్రం ఒక్కడు కూడా ఆ గదిలో ఉండడు. కార్యాలయం ఎవరి నోరూ మూయలేదు. నోరు తెరవవలసిన అవసరాన్ని కడిగి పళ్ళెంలో పోసింది.

సాయంత్రం మోకరించాను. శాంతి అడగలేదు. నా కోపం నాకు ఉంచమని అడిగాను.

6. మూడు రోజులు

చావడిలో చేపలు తిరగేస్తుంటే సామ్రాజ్యం పరుగున వచ్చింది. "అక్కా, పలక పీకేస్తున్నారంట!"

వెళ్ళాను. తొట్టి మూతి దగ్గర ఇద్దరు పనివాళ్ళు. సూపర్‌వైజరు లోకనాథం గొడుగు పట్టుకుని ఉన్నాడు. పలక మేకులు సగం ఊడదీసి ఆగారు. పనిముట్లు కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

తొమ్మిదో కొక్కేనికి సువార్త బిళ్ళ ఉంది.

ముప్పై ఎనిమిది రోజులుగా అక్కడే ఉంది. ఉప్పుగాలికి పచ్చబడింది. అందరూ దాని ముందు నుంచే దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఒక్కరూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు.

"ఎత్తండయ్యా" అన్నాడు లోకనాథం.

"బిళ్ళుంది సార్" అన్నాడు పెద్దవాడు.

"తీసి పక్కన పెట్టు."

"నాది కాదు సార్."

"నీది కాదని తెలుసు. తియ్యమంటున్నా."

"నాది కాదు సార్" అన్నాడు మళ్ళీ.

లోకనాథం నన్ను చూశాడు. నమస్కారం పెట్టాడు. మర్యాద ఉన్న మనిషి. "మార్తమ్మగారూ, మీరైనా చెప్పండి. ఆమె ముందురోజు బిళ్ళ తీసుకోవడం మర్చిపోయింది. అంతే కదా? దీన్ని పట్టుకుని జనం ఏవేవో ఊహించుకుంటున్నారు. మీకూ మనశ్శాంతి ఉండదు."

"ఆ పొద్దున ఆ బిళ్ళ దాని మెడలో ఉంది. నా ఎదురుగా పళ్ళతో పట్టుకుంది."

"మీకు చీటీ ఉందా?"

"లేదు."

"అయితే ఆ మాట నేను వినలేదు."

"మీరు వినకపోయినా నేను అన్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "మూడు తరగతుల్లో మీది ఖాళీ కాగితమేనట. ఇంకా మూడు ఉన్నాయి. రంగులో ముంచండి. మీ మంచికే చెబుతున్నా."

"నా మంచి ఏదో నాకు తెలుసయ్యా. పంతొమ్మిదేళ్ళు ఇక్కడే కూర్చున్నా. ఈ పలక మీద బిళ్ళుంటే చక్రం తిరగకూడదని మీకు నేర్పింది కూడా నేనే. మీరు పనిలో చేరిన వారం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తొట్టిలోంచి ఆరుగురు ఆడవాళ్ళు ఎక్కి వచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరూ తమ బిళ్ళ తీసి మెడలో వేసుకున్నారు. నిదానంగా, లోకనాథం చూస్తుండగా. తొమ్మిదో కొక్కెం ఒక్కటే మిగిలింది.

ఆయన గొడుగు మూసి వెళ్ళిపోయాడు. బిళ్ళ ముందురోజుది కాదని నాకు తెలుసు. కానీ ఆ ఉదయం నీళ్ళు వదిలేముందు దాన్ని ఎవరైనా చూశారా? పంపు గది కిటికీలోంచి పలక తిన్నగా కనపడుతుంది. ఆ గదిలో ఉన్నది ఇద్దరు. ఒకడు లోకనాథం. ఇంకొకడు నా తమ్ముడు.

7. ఒక రోజు

నలభయ్యో రోజు.

ఎస్తేరు ఎక్కడో పీతలు సంపాదించింది. పులుసు పెట్టాం. బొమ్మ మీది చొక్కా నేనే తీసి పక్క గోడకు తగిలించాను. అయిదింటికి నలుగురం ఏలియా వాళ్ళ వంటింట్లో చాప మీద కూర్చున్నాం. వెలుతురు ఇంకా ఉంది. కీర్తన పాడాం. ఏలియా గొంతు ఎప్పటికంటే శ్రుతిగా ఉంది.

మొదటి మాట నాది. "అది తీసుకెళ్ళిన దువ్వెన దాంతోనే పోయింది. ఇప్పుడు నేను వేళ్ళతో దువ్వుకుంటున్నా. కొత్తది కొనను." కూర్చున్నాను.

ఎస్తేరు లేచింది. "మా పెళ్ళయిన కొత్తలో నా వంటకు పేర్లు పెట్టిన మనిషి సువార్తొదిన. ఉప్పెక్కువ, ఉప్పు తక్కువ. ఒక్కరోజు బాగుందనలా. నాకు కాన్పు కష్టమైనప్పుడు మూడు రోజులు నా పక్క నుంచి కదల్లా. అప్పుడు కూడా గంజి తాగించి, ఉప్పు తక్కువైందా అనడిగింది." నవ్వింది, ఏడ్చింది. ఏది ముందో చెప్పలేను.

హెప్సిబా లేవలేకపోయింది. చెయ్యి ఊపింది, తర్వాత అని.

ఏలియా లేచాడు. చొక్కా సర్దుకున్నాడు.

"చిన్నక్క బిళ్ళ పలక మీద ఉండటం నేను చూశా. కిటికీలోంచి. సార్, బిళ్ళ వేలాడుతుందన్నా. పలక కాదు, తెర చూడు, తెర సున్నా చూపిస్తోంది అన్నాడు లోకనాథం. తొమ్మిదో నంబరు మా అక్క సార్ అన్నా. మర్చిపోయి ఉంటది, అల వస్తోంది, తిప్పు అన్నాడు. తిప్పా. చక్రం తిప్పింది నేనే."

కూర్చున్నాడు. పులుసు గిన్నె మీద మూత సరిగా లేదని సర్దాడు.



"నువ్వు చూశావా?" హెప్సిబా గొంతు ఎక్కడి నుంచో వచ్చింది. "చూసి తిప్పావా మావయ్యా?"

"తిప్పానమ్మా."

"ఎందుకు?"

"తిప్పకపోతే తెప్ప మీద నుంచి దించేస్తానన్నాడు. భయమేసింది. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది. వెయ్యటం లేదంతే."

హెప్సిబా లేచి వాడి చెంప మీద కొట్టింది. పెద్ద దెబ్బ. వాడు చెంప తడుముకోలేదు.

"ఏడవ్వేంది? అమ్మని చంపుకుని ఏడవ్వేంది నువ్వు?"

"రావట్లేదమ్మా." వాడు దాని వైపు చూసిన చూపు దయగానే ఉంది. "నేను ఏడిస్తే నీకు కాస్త బాగుంటదని తెలుసు. రావట్లేదు."

ఎస్తేరు హెప్సిబాను పట్టుకుంది. ఇద్దరూ కూలబడి ఏడ్చారు. నేను ఆపలేదు. కూడిక పెట్టుకునేది ఏడవడానికే.

తమ్ముడి మీద నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. వాడికి నొప్పి ఉన్న ఐదు వారాలూ ఈ మాట వాడి గొంతులో అడ్డంపడి ఉంది. సిగ్గు బయటికి రానివ్వలేదు. నెమ్మది కాగితం సిగ్గును తీసేసింది, మాట జారి బయటపడింది. కార్యాలయం అనుకున్నది ఇది కాదు.

"ఏలియా, రేపు లోపలికెళ్ళి ఇదే మాట చెప్పు" అన్నాను.

"ఎందుకక్కా?" నిజంగానే అడిగాడు. "చెప్పాలనిపించట్లా."

"ఇక్కడ చెప్పావుగా?"

"ఇది కూడిక గదా. తలా ఒక మాట చెప్పాలి. నిజం చెప్పాలి. చిన్నప్పట్నుంచీ అలవాటు. లేచా, చెప్పా."

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది చెప్పాను.

"ముప్పై ఏళ్ళుగా రోజూ మోకరిస్తన్నా. అందులో సగం రోజులు నాకేమీ అనిపించలా. గోడతో మాట్టాడినట్టే ఉండేది. మా ఆయన పోయిన ఏడాది మొత్తం అట్టాగే. అయినా మోకాళ్ళు వంచా. మనసు వచ్చాక వంచుదామనుకుంటే ఈపాటికి మానేసి ఉందును. నీకూ అంతే. అనిపించక్కర్లా. లేచి నిలబడు, నోరు తెరువు, ఇందాక చెప్పిన మాటే చెప్పు."

వాడు పులుసు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. "నన్ను కూడా శిక్షిస్తారు" అన్నాడు. భయపడి కాదు. లెక్క సరిచూసుకున్నట్టు.

"శిక్షిస్తారు."

"సరే. అట్టా అయితే చెప్పొచ్చు."

హెప్సిబా తల ఎత్తింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. "ఆయన మాట వింటారా వాళ్ళు? ఏదో బాధలో అన్నాడంటారు."

ఎస్తేరు కళ్ళు తుడుచుకుంది. లేచి, గోడకున్న చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసింది. నీలం ముద్ర ఉంది. ఆరు తరగతులు పూర్తి, మనిషి నెమ్మదిగా ఉన్నాడు, వాంగ్మూలానికి అర్హుడు.

"ఎట్టా అంటారే?" అంది. "ఈ తెప్ప మీద ఈయనంత నెమ్మదస్తుడు ఇంకోడు లేడని వాళ్ళే రాసిచ్చారు."

నవ్వు వచ్చింది. నాకే. తర్వాత ఎస్తేరుకు. హెప్సిబాకు రాలేదు. ఏలియా మర్యాదకు చిరునవ్వు నవ్వాడు.

తినడం అయ్యేసరికి ఇవి అనుకున్నాం.

ఏలియా చీటీ చూపించి లోపలికి వెళ్తాడు. ఇక్కడ చెప్పినట్టే చెబుతాడు. ఎక్కువ చెప్పడు, తక్కువ చెప్పడు. వాడి మాట మధ్యలో ఆపబోతే ఆగడు. ఆగాలనిపించదని వాడే అన్నాడు.

నేను, ఎస్తేరు, హెప్సిబా చీటీ లేకుండానే వెళ్తాం. లోపలికి రానివ్వరు. గుమ్మం ముందు కూర్చుని ఏడుస్తాం. గోడలు పలచన, లోపలికి వినపడుతుంది. మాట వాడిది, ఏడుపు మాది. రెండూ ఒకే గదిలో పడాలి. సామ్రాజ్యానికీ, తొట్టి ఆడవాళ్ళకూ కబురు పంపాం. అల్లుడి సంగతి ఎలా ఉన్నా, గుమ్మం దగ్గర గొడవ చెయ్యడం తనకింకా చేతనవునని సామ్రాజ్యం జవాబు పంపింది.

నేను మిగిలిన మూడు తరగతులకూ వెళ్ళను. నీళ్ళతో గీయడానికి కూడా వెళ్ళను.

హెప్సిబా ఇప్పుడు అమ్మను గీయదు. విచారణ అయ్యేదాకా మోస్తానంది. ఆ తర్వాత వెళ్తావా అని నేను అడగలేదు. వెళ్తానంటే అడ్డం రాను. చేతనైనంత దూరమే ఎవరైనా మోసేది. మావయ్యతో మాట్లాడనంది. మాట్లాడనక్కర్లేదన్నాను. కానీ పక్కన నడుస్తానంది. నడవాలి. పలక బరువైనది.

పలకను మేమే మోసుకెళ్తాం. మేకులు ఊడదీయడం పనివాళ్ళకు కార్యాలయమే పురమాయించిన పని. పొద్దున్నే అది పూర్తిచేస్తామనీ, ఎత్తడం మాత్రం తమ వల్ల కాదనీ వాళ్ళు ఎస్తేరుతో చెప్పారట. గుమ్మం దాకా నలుగురం నాలుగు మూలలు పడతాం, అక్కణ్ణుంచి లోపలికి ఏలియా ఈడ్చుకెళ్తాడు. ముందు మూల ఏలియాది. తన చెయ్యి వణకదని తనే అడిగి తీసుకున్నాడు.

ఉదయం గంజి నేను పెడతాను. ఉప్పు హెప్సిబా వేస్తుంది.

బిళ్ళను ఎవరమూ ముట్టుకోం. తొమ్మిదో కొక్కేనికి వేలాడుతూనే అది విచారణ గదిలోకి వస్తుంది.